ఘనీ ఉస్తాద్ లెక్కపెట్టని పళ్లు

కామారెడ్డిలో ఎల్లారెడ్డి రోడ్డు మీద, ఇండ్లు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట ఘనీ రేకుల షెడ్డు ఉండేది. దానికి బోర్డు లేదు. ఎందుకు పెట్టలేదని అడిగితే, “బోర్డు చదివి వచ్చేటోడు నాకెందుకు” అనేవాడు.

ముప్పై ఏళ్లుగా అతను చేసే పని ఒక్కటే. లారీ యాక్సిల్ విప్పి, లోపలున్న క్రౌన్ చక్రాన్ని, దాన్ని తిప్పే చిన్న పినియన్‌ను మార్చి, రెండింటి పళ్లూ ఒకదాన్నొకటి కరుచుకునేలా కూర్చోబెట్టి మళ్లీ మూసేయడం. ఇంజను పని అతనికి పని కిందే లెక్క కాదు. ఇంజను మెకానిక్కులను పొగ డాక్టర్లు అనేవాడు. బ్రేకులు చూసేవాళ్లకైతే పేరు పెట్టే శ్రమ కూడా తీసుకోలేదు.

ఓనర్లంటే అతనికి అసహ్యం. స్టీరింగు పట్టనివాడికి బండి ఎందుకన్నది అతని ప్రశ్న. స్పేర్ పార్టుల షాపువాళ్లు దొంగలు. డ్రైవర్లు కాళ్లతో ఆలోచించే జాతి. ఇక అక్క కొడుకు మోయిజ్ సంగతి సరేసరి. ఆరేళ్లు దుబాయిలో ఉండి వచ్చి, హైవే పక్కన నేలకు తెల్ల టైల్సు వేయించి మరీ గ్యారేజీ పెట్టాడు. ప్రారంభానికి పిలిస్తే ఘనీ వెళ్లి, చెప్పులు గుమ్మం దగ్గర విడిచి లోపలికి అడుగుపెట్టాడు. “మామూ, చెప్పులెందుకు ఇడిసినవు?” అని మోయిజ్ అడిగితే, “దవాఖాన అనుకున్న బేటా. ఇక్కడ బండ్లు గూడ బాగుచేస్తరా?” అన్నాడు, వచ్చినవాళ్లందరూ వినేలా.

ఇన్ని మాటలు పడి కూడా జనం అతని దగ్గరికే వచ్చేవారు. ఘనీ కూర్చోబెట్టిన పినియన్ కూత పెట్టదు. వేరేవాళ్లు వేసింది నలభై స్పీడు దాటగానే దోమ చెవిలో దూరినట్టు సన్నగా అరుస్తుంది. అతను వేసింది లక్ష కిలోమీటర్లు తిరిగినా నోరెత్తదు. ఆ సంగతి అతనికీ తెలుసు. అదే వచ్చిన చిక్కు.

“నీకు నచ్చే మనిషి ఇంకా పుట్టలే,” అనేది భార్య సాబేరా. “పుట్టినా నీ షెడ్డు దిక్కు రాడు.” ఆమె మాటకు మాత్రం అతను కంచం దగ్గరికి లాక్కుని అన్నం కలుపుకునేవాడు.

రెండువేల పన్నెండు జూన్‌లో, తొలకరికి ముందు, సిద్ధిరాములు తన మిలిటరీ బండిని తీసుకొచ్చి షెడ్డు ముందు నిలబెట్టాడు.

సిద్ధిరాములుది ఎల్లారెడ్డి. చుట్టుపక్కల తండాలకు కరెంటు స్తంభాలు, ట్రాన్స్‌ఫార్మర్లు చేరవేసే కాంట్రాక్టు అతనిది. రెండేళ్ల కింద సైన్యం వేలం వేసిన పాత ట్రక్కును కొన్నాడు. లివర్ వేస్తే ముందువీ కలిసి నాలుగు చక్రాలూ తిరిగే ఫోర్‌వీల్ బండి. రోడ్డు లేని గుట్టల మీదికి, చెరుకు తోటల బురదలోకి మారు మాట్లాడకుండా వెళ్లేది. అలా వెళ్లే బండిని చూసి ఊరుకునే రకం కాదు సిద్ధిరాములు. ఆకుపచ్చ రంగు గీకించి మెరిసే ఎరుపు వేయించాడు. పైన నాలుగు హారన్లు బిగించాడు. వెనుక రేకు మీద నల్ల కళ్లద్దాలతో తన బొమ్మ గీయించుకున్నాడు. చివరికి ఉన్న టైర్లు తీసేసి, ఎక్కడో చూసి ముచ్చటపడి, ఛాతీ దాకా వచ్చే టైర్లు తొడిగించాడు.

“బండి గుంజుతలేదు ఉస్తాద్,” అన్నాడు దిగుతూనే. “లింగంపేట చడావు మీద ఖాళీ బండి రెండో గేరుకు వస్తున్నది. క్లచ్చు కమురు వాసన. ఇంజన్ పోయినట్టుంది.”

ఘనీ ఇంజను వైపు చూడలేదు. టైర్ల చుట్టూ ఒకసారి తిరిగాడు.

“గివి ఎవరు పెట్టుమన్నరు?”

“నేనే పెట్టిన. మంచిగున్నయి గద?”

“బారాత్‌కు మంచిగుంటయి. పెండ్లికొడుకు ఎక్కడ?”

సిద్ధిరాములు నవ్వలేదు. వెనుక నిలబడ్డ డ్రైవర్ కూడా నవ్వలేదు. డ్రైవర్ పేరు జైసింగ్. నలభై దాటిన మనిషి, ఎల్లారెడ్డి అవతల గట్టుమీది తండా అతనిది. ఆ బండిని కొన్నరోజు నుంచీ నడుపుతున్నది అతనే. ఘనీ అతన్ని ఒక్క మాట కూడా అడగలేదు. డ్రైవర్లను అడిగే అలవాటు అతనికి లేదు.

జాకీ పెట్టి వెనుక చక్రం ఒకటి గాలిలోకి లేపాడు. టైరు మీద సుద్దతో గీత గీశాడు. కిందికి దూరి, యాక్సిల్‌లోకి వెళ్లే రాడ్డుకు గుడ్డపేలిక కట్టాడు. ఒక్క చక్రమే గాలిలో ఉంటే, దాని రెండు చుట్లకు లోపలి క్రౌన్ ఒక్క చుట్టు తిరుగుతుంది. అందుకే చక్రాన్ని చేత్తో సరిగ్గా రెండు చుట్లు తిప్పుతూ, పేలిక ఎన్నిసార్లు తిరిగిందో చూశాడు. ఆరు చుట్లకు కొంచెం తక్కువ. ముందు యాక్సిల్‌కూ అదే చేశాడు. అక్కడా అంతే. జైసింగ్ వంగి, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని అంతా చూశాడు.

“క్రౌనుకు నలభై ఒకటి, పినియన్‌కు ఏడు,” అన్నాడు ఘనీ బయటికి వచ్చి. “ఇంజన్ మంచిగనే ఉన్నది. నీ బుద్ధే మంచిగ లేదు. మొదలు నీ చక్రం ఒక్క చుట్టు తిరిగితే బండి పదిన్నర అడుగులు నడిచేది. ఇప్పుడు గీ టైర్లతోని పన్నెండు అడుగులు దాటుతున్నది. గా ఎక్కువ నడక ఎవడు నడిపియ్యాలె? నీ అయ్యనా? ఇంజనే గద. దానికి దమ్ము చాల్తలేదు.”

“మరి ఏం జేద్దాం?”

“పాత టైర్లు పెట్టు.”

“అమ్మేసిన.”

“అట్లయితే పండ్లు మార్చాలె. ఏడు పండ్ల పినియన్ తీసి ఆరు పండ్లది ఏస్తే, చక్రం ఒక్క చుట్టుకు పినియన్ ఏడు చుట్లు తిరుగుతది, కొంచెం తక్కువ. ఇంజన్‌కు బరువు తగ్గుతది. మల్ల ఎన్కటి లెక్క గుంజుతది. కానీ రోడ్డు మీద ఇప్పటంత ఉరుకదు.”

సిద్ధిరాములు మొహం ముడుచుకున్నాడు. “ఉరుకాలె గద ఉస్తాద్. హైవే మీద పోతుంటే ఆటోలు దాటిపోతే ఇజ్జత్ ఏం గావాలె?”

“ఎక్కాల్నా, ఉరుకాల్నా? ఒక్కటి చెప్పు.”

“రెండు.”

“రెండు గావాల్నంటే రెండు బండ్లు కొనుక్కో. ఒకదాని మీద నీ ఫోటో పెట్టుకో, ఇంకోదాంతోని పనిచెయ్యి.”

“మోయిజ్ ఏమన్నడంటే, ఎన్కది ఒక్కటి మారిస్తె సాలంట. ముందరిది ఎప్పుడో ఒకసారి బురదల పనికొస్తది, దాన్ని ముట్టుకునుడెందుకు అన్నడు.”

షెడ్డులో ఇంకో రెండు లారీల వాళ్లున్నారు. ఘనీ వాళ్ల వైపు తిరిగి మాట్లాడాడు. “ఇన్నరా? నా మేనల్లుడు దుబాయిల నేర్చుకున్న ఇద్దె ఇది. ముందటి కాళ్లు ఒక నడక, ఎన్కటి కాళ్లు ఒక నడక నడిచే ఎద్దును ఎవలన్న చూసిన్రా? ఫోర్‌వీల్ ఏసినంక రెండు యాక్సిళ్లను ఒక్కటే గేరు తిప్పుతది. పండ్ల లెక్క రెండు దిక్కుల ఒక్కటి గాకపోతె ఒకటి ఉరుకుతది, ఒకటి ఆగుతది. నడుమ ఉన్నది పటుక్కున ఇరుగుతది. టైల్సు మీద కూసునేటోనికి గిదెట్ల తెలుస్తది!”

చివరికి సిద్ధిరాములు ఒప్పుకున్నాడు. లింగంపేట ఎత్తు మీద మళ్లీ పరువు పోగొట్టుకోవడం ఇష్టం లేక ఒప్పుకున్నాడే తప్ప, అతనికి అర్థమై కాదు. ఆ విషయం ఘనీకి తెలుసు. అర్థం చేసుకున్న ఓనరును అతను ఇంతవరకు చూడలేదు.

వెనుక యాక్సిల్‌కు కొత్త జత దొరికింది. క్రౌన్ మీద నలభై ఒకటి, ఆరు అని అంకెలు చెక్కి ఉన్నాయి. ముందుదానికి కొత్తది దొరకలేదు. ఆ కొలతవి చేయడం మానేసి చాలా కాలమైంది. ఘనీ హైదరాబాదు పాత సామాన్ల బజారులో రెండు రోజులు తిరిగి ఒక జత పట్టుకొచ్చాడు. పళ్లు అరగలేదు, సరుకు మంచిది. అంకెలున్న చోట మాత్రం తుప్పు తినేసింది. అమ్మినవాడు నలభై ఒకటే అన్నాడు. ఘనీ పినియన్ పళ్లు లెక్కపెట్టాడు, ఆరు. క్రౌన్‌ను చేతుల్లో ఒకసారి తిప్పి చూసి పక్కన పెట్టాడు. ముప్పై ఏళ్లుగా పట్టుకున్న చేతులవి. వేళ్లు పెట్టి ఒకటీ రెండూ అని లెక్కపెట్టడం మోయిజ్‌లాంటి వాళ్లు చేసే పని.

అయిదు రోజులు పట్టింది. పళ్ల సందు సరిచేసే పలచటి రేకు బిళ్లలు ఒక్కొక్కటీ వేస్తూ తీస్తూ, పళ్లకు రంగు పూసి తిప్పి, ముద్ర పంటి నడుమ పడేదాకా మళ్లీ మళ్లీ విప్పాడు. బండి బయటికి తీశాక ముందూ వెనుకా ఎక్కడా కూత లేదు. లింగంపేట ఎత్తును మూడో గేరులోనే ఎక్కింది. సిద్ధిరాములు ఫోన్ చేసి, ఎక్కింది గానీ హైవే మీద ఆటో దాటిపోయిందన్నాడు. “ఆటోకు నీ ఫోటో పెట్టుకో,” అని ఘనీ ఫోన్ పెట్టేశాడు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం జైసింగ్ ఒక్కడే బస్సులో వచ్చాడు. షెడ్డులో నలుగురు చాయ్ తాగుతున్నారు. అతను కాస్త దూరంగా నిలబడి, అందరి చాయ్‌లూ అయ్యేదాకా ఆగి చెప్పాడు.

“ఉస్తాద్, ఫోర్‌వీల్ ఏస్తే బండి మునుపటి లెక్క పోతలేదు. ఎవలో పట్టుకుని గుంజినట్టు పోతున్నది. తీసేద్దమంటె లివర్ రాదు. బిగుసుకుంటున్నది. మీరొకసారి ముందటిది చూడుండ్రి.”

“ఎక్కడ ఏసినవు?”

“చేన్ల ఏసిన. రాళ్ల బాట మీద ఏసిన.”

“తారు రోడ్డు మీద ఏసినవు.”

“లేదు ఉస్తాద్, తారు మీద చక్రాలు జారవు, ఏస్తే బిగుస్తదని నాకెరుకే. నేను…”

“నీకెరుకనా?” ఘనీ చుట్టూ ఉన్నవాళ్లను చూశాడు. “ఇన్నరా, ఈయనకు ఎరుకంట! గాడిద లెక్క తారు రోడ్డు మీద ఫోర్‌వీల్ ఏసి, లివర్ బిగుసుకున్నదని నా పనికి వంక పెట్టనీకి బస్సు చార్జి పెట్టుకుని వచ్చిండు. నడుపుడు నీ పని. ఎట్ల తయారైందో చెప్పుడు నా పని. పో, పోయి స్టీరింగ్ తుడుసుకో.”

నలుగురూ నవ్వారు. జైసింగ్ తలగుడ్డ సర్దుకుని రోడ్డు మీదికి వెళ్లి, ఎల్లారెడ్డి బస్సు వచ్చేదాకా ఎండలో నిలబడ్డాడు. అతను ఇంకా అక్కడే ఉన్నాడని షెడ్డులోంచి కనిపిస్తూనే ఉంది. ఘనీ అటు చూడలేదు.

ఆగస్టు నడుమ సిద్ధిరాములు ఫోన్ చేశాడు. గట్టుమీది తండాలో ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి, మోటర్లు ఆగి, పది రోజులుగా నాట్లు ఎండుతున్నాయి. కొత్తది తీసుకుపోతుంటే గుట్ట సగం ఎక్కాక బండి విరిగింది. “డ్రైవర్‌గాడు ఇరగ్గొట్టిండు. ముందర రాడ్డు తెగింది, నడుమ గేరు డబ్బ పగిలింది. వాణ్ణి పనిలకెల్లి తీసేసిన. నువ్వొచ్చి చూసి, వాని తప్పేనని నలుగురి ముందర చెప్పాలె.”

ఘనీ సంచిలో పానాలు వేసుకుని బస్సెక్కాడు. దారి పొడుగునా డ్రైవర్‌ను ఏమనాలో అనుకుంటూ వెళ్లాడు. ఒకదాన్ని మించిన మాట ఒకటి తట్టింది. కిటికీ పక్కన కూర్చుని తనలో తాను నవ్వుకున్నాడు కూడా.

ఎల్లారెడ్డిలో దిగి ఆటోలో గుట్ట కిందికి, అక్కడి నుంచి నడిచి పైకి వెళ్లాడు. బండి దారికి అడ్డంగా, వెనుక భాగం గట్టుకు ఆనించి నిలబడి ఉంది. చక్రాల కింద బండరాళ్లు పెట్టారు. ట్రాన్స్‌ఫార్మర్ దాని మీద లేదు. తండా జనం మోకులు కట్టి దించి, ట్రాక్టరుతో లాగి, ముందురోజే పైకి చేర్చుకున్నారు.

బండి పక్కన రాయి మీద జైసింగ్ కూర్చుని ఉన్నాడు. కుడిచేతికి కట్టు, మెడకు వేలాడదీసిన గుడ్డ. అతని భార్య లచ్చి పక్కనే నిలబడి ఉంది. ఘనీ నోరు తెరవకముందే ఆమే మొదలుపెట్టింది.

“కామారెడ్డి ఉస్తాద్ నువ్వేనా అన్నా? మా ఆయన నీ దగ్గరికి వచ్చి చెప్పిండంట గద. చెవులల్ల గ్రీజు పోసుకుని కూసున్నవా?”

ఘనీని అలా అడిగినవాళ్లు ఇంతవరకు లేరు. అతను సంచి దించేలోగా ఆమె మళ్లీ అంది.

“రాడ్డు తెగంగనే బండి ఎన్కకు జారింది. పైన ఇద్దరు మనుషులున్నరు, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నది. ఈయన దుంకలే. గట్టుకు తిప్పి ఆనిచ్చిండు. స్టీరింగ్ తిరిగి చెయ్యి ఇరిగింది. మీ కాంట్రాక్టర్ వచ్చి ఏమన్నడో ఎరుకేనా? బండి ఖరాబు చేసినవన్నడు. చెయ్యి దిక్కు చూడలే.”

“తప్పు ఎవరిదో ఇప్పి చూస్తె తెలుస్తది,” అన్నాడు ఘనీ.

“ఇప్పి చూసుడెందుకు?” అన్నాడు జైసింగ్. అదే అతని మొదటి మాట. “జాకీ పెట్టున్నది. నీ లెక్కనే చూసిన, నీ దగ్గరికెల్లి వాపస్ వచ్చిన మరునాడే. కాంట్రాక్టర్‌కు జెప్తె, ఘనీ కంటె నీకు ఎక్కువ తెలుసా అని నవ్విండు. నువ్వే లెక్కపెట్టు.”

అప్పుడు చూశాడు ఘనీ. ముందు చక్రం ఒకటి నేలకు బెత్తెడు ఎత్తున లేచి ఉంది. టైరు మీద సుద్ద గీత ఉంది. యాక్సిల్ దగ్గర మిగిలిన రాడ్డు ముక్కకు ఎర్ర గుడ్డపేలిక కట్టి ఉంది. షెడ్డులో తాను చేసినదాన్ని ఈ మనిషి ఒక్కసారి చూసి ఉంటాడు, అంతే.

లచ్చి చక్రం పట్టుకుని తిప్పింది. ఘనీ పడుకుని పేలికను చూశాడు. ఒకటి, రెండు, మూడు. చక్రం రెండు చుట్లు పూర్తయ్యేసరికి పేలిక ఆరు చుట్లు దాటి కొంచెం తిరిగి ఆగింది. ఏడుకు దగ్గరగా రాలేదు. “మల్ల తిప్పు,” అన్నాడు. ఆమె తిప్పింది. అంతే వచ్చింది. జాకీ మార్చి వెనుక చక్రం లేపి తిప్పించాడు. ఏడుకు కొంచెం తక్కువ.

బండి కింద పడుకున్న ఘనీకి బస్సులో అల్లుకున్న మాటలన్నీ అప్పుడు గుర్తొచ్చాయి. కాళ్లతో ఆలోచించేవాడు, గాడిద, కళ్లుండీ చూడనివాడు. అన్నీ సరిగ్గా సరిపోతున్నాయి, మనిషే మారాడు. పంటి లెక్క తెలియని కుర్రమెకానిక్కు కూడా చేయని తప్పు ఇది. అయిదు రోజులు కూర్చుని, వెంట్రుకవాసి తేడా లేకుండా, తప్పుడు క్రౌన్‌ను చక్కగా కూర్చోబెట్టాడు. కూత పెట్టకుండా. తన మీద తనకే రోత కలిగింది.

అప్పుడే సిద్ధిరాములు మోటర్‌సైకిల్ మీద వచ్చాడు. వెంట తండా పెద్దలు ఇద్దరు ముగ్గురు.

“చూసినవా ఉస్తాద్? చెప్పు గీళ్లకు. డ్రైవర్ తప్పే గద?”

ఘనీ కింది నుంచి బయటికి వచ్చి బట్టలు దులుపుకున్నాడు. అవునంటే అయిపోయేది. సిద్ధిరాములుకు పళ్ల లెక్క అర్థం కాదు. పెద్దలకూ కాదు. తాను కాక తెలిసినవాళ్లు అక్కడ జైసింగ్, లచ్చి ఇద్దరే. వాళ్ల మాట వినేవాళ్లు లేరు, తానే వినలేదు కదా. ఇదంతా అతనికి ఒక్క క్షణంలో తోచింది. తోచినందుకు ఇంకా రోత కలిగింది.

“నీ బండి ఇరగ్గొట్టింది నేను,” అన్నాడు.

“ఏంది?”

“ముందర నలభై ఒకటి ఏయవలసినకాడ తక్కువ పండ్లది ఏసిన. లెక్కపెట్టలే. ముందటి కాళ్లు ఒక నడక, ఎన్కటివి ఒక నడక. ఈ మనిషి నెల కిందనే నా షెడ్డుకు వచ్చి చెప్పిండు. నలుగురి ముందర తిట్టి ఎల్లగొట్టిన. నీకూ చెప్పిండంట, నువ్వు నవ్వినవంట. గంతే.”

సిద్ధిరాములుకు విషయం అర్థం కావడానికి కాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆగలేదు. “గింత పెద్ద ఉస్తాదువు, పండ్లు లెక్కపెట్టరాదా? చిన్నబడి పోరగాడు పెడతడు గదయ్యా!” అని మొదలుపెట్టి, ఊరూ పేరూ ముప్పై ఏళ్లూ కలిపి కడిగేశాడు. ఘనీ తల వంచకుండా నిలబడి, అదంతా అయిపోయాక ఒక్కటే అన్నాడు.

“నా తప్పుకు నన్ను తిట్టినవు, మంచిది. ఈ మనిషి దుంకి ఉంటె నీ బండి లోయల ఉంటుండె, పైనున్న ఇద్దరు వల్లకాట్ల ఉంటుండిరి. వాణ్ణి పనిలకెల్లి తీసేసినవు. నేను లెక్కపెట్టలే, నువ్వు చూడనే లే. ఇప్పుడు పక్కకు నిలబడు, వెలుతురుకు అడ్డమున్నవు.”

తండా పెద్దల ముందు సిద్ధిరాములు జైసింగ్‌ను మళ్లీ పనిలోకి తీసుకుంటానని ఒప్పుకోవలసి వచ్చింది. ఒప్పుకున్నట్టు కాకుండా, దయతలచినట్టు చెప్పాడు. అతనికి వేరే తీరుగా చెప్పడం రాదు.

ఘనీ యాక్సిల్ విప్పి క్రౌన్‌ను బయటికి తీసి రాయి మీద పెట్టాడు. “నువ్వు లెక్కపెట్టు,” అన్నాడు జైసింగ్‌తో. జైసింగ్ ఎడమచేతి వేలుతో ఒక్కో పన్ను ముట్టుకుంటూ గట్టిగా లెక్కపెట్టాడు. చుట్టూ నిలబడ్డ వాళ్లంతా విన్నారు. ముప్పై ఏడు దగ్గర వేలు మొదటి పంటికి చేరింది.

నలభై ఒక్క పళ్ల జత కోసం ఘనీ నాగపూర్ దాకా వెళ్లాడు. షాపులో కూర్చుని మూడుసార్లు లెక్కపెట్టాడు. షాపువాడు నవ్వాడు. “నవ్వు,” అన్నాడు ఘనీ, “ఇంకోసారి పెడత,” అని నాలుగోసారి కూడా లెక్కపెట్టాడు. బండిని గుట్ట మీది నుంచి కదిలించే వీలు లేక పని అక్కడే చేయవలసి వచ్చింది. నాలుగు రోజులు పొద్దున్నే మొదటి బస్సుకు వెళ్లి సాయంత్రం బస్సుకు తిరిగొచ్చాడు. మధ్యాహ్నం లచ్చి జొన్నరొట్టె, పచ్చిమిరపకాయ తొక్కు తెచ్చి రాయి మీద పెట్టి, అతని మొహం చూడకుండా వెళ్లిపోయేది. మాట అనకుండా అంత చులకన చూపించవచ్చని ఘనీకి తెలియదు. రొట్టె మాత్రం బాగుండేది.

మూడో రోజు పానా అందిస్తూ జైసింగ్ అడిగాడు.

“ఆ రోజు ఎందుకు ఇనలే ఉస్తాద్?”

“డ్రైవర్లు చెప్పేవన్ని ఇంటే నేను పనెప్పుడు చేద్దును?”

“మరిప్పుడు?”

“ఇప్పుడు గూడ వందల తొంభై మంది గాడిదలే.” ఘనీ రేకు బిళ్లను వెలుతురుకు ఎత్తి చూశాడు. “నువ్వు ఆ తొంభైల లేవు. గది పట్టు, జారనియ్యకు.”

అంతకంటే మంచి మాట అతని నోట రాలేదు. జైసింగ్ దాన్ని క్షమాపణ అనుకున్నాడో లేదో చెప్పలేం. పట్టుకోమన్నది జారకుండా పట్టుకున్నాడు.

ఈ సంగతి కామారెడ్డి అంతా పాకింది. పాకించింది మోయిజ్. మామూ ముప్పై ఏడు పళ్లు వేశాడని టైల్సు మీద కూర్చున్న ప్రతివాడికీ చెప్పాడు. పైగా ఓదార్చడానికి మిఠాయి డబ్బా పట్టుకుని ఇంటికి వచ్చాడు. “అందరికి అయితది మామూ,” అన్నాడు ముఖం దిగులుగా పెట్టి. ఘనీ డబ్బా తెరిచి ముక్కలు లెక్కపెట్టాడు. “పదకొండున్నయి. దారిల ఒకటి తిన్నవా?” అని అడిగాడు. సాబేరా లోపల నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మోయిజ్ వెళ్లాక ఆమె అంది, “పోనీ, ఇన్నాళ్లకు ఒకటి లెక్కపెట్టినవు.”

ఒక ఏడాది పాటు షెడ్డుకు బండ్లు తగ్గాయి. తర్వాత వాటంతటవే మళ్లీ వచ్చాయి, ఎందుకంటే వేరేవాళ్లు వేసినవి కూత పెడుతూనే ఉన్నాయి. డ్రైవర్లు ఏదైనా చెప్పబోతే ఘనీ ఇప్పుడు చివరిదాకా వినేవాడు. చెడిపోయిన కూర తింటున్నవాడిలా మొహం పెట్టి వినేవాడు. తిట్టేది అంతా విన్నాకే.

రెండువేల పద్నాలుగు ఎన్నికలు వచ్చాయి. సిద్ధిరాములు ఏ పార్టీలో చేరాడన్నది ముఖ్యం కాదు, అతనికీ పెద్దగా ముఖ్యం కాలేదు. ఎర్ర బండి మీద ఊరేగాలి, బండి ఉరకాలి. ఏడు పళ్ల పినియన్ మళ్లీ వేయమని ఘనీని అడిగే ధైర్యం లేక మోయిజ్ దగ్గరికి తీసుకెళ్లాడు. మోయిజ్ వెనుకది ఒక్కటి మార్చాడు. ముందుదాన్ని ముట్టుకోలేదు. జైసింగ్ అదే రోజు తాళంచెవి సిద్ధిరాములు బల్ల మీద పెట్టి, రాజంపేటలో చెరుకు లారీకి డ్రైవర్‌గా కుదిరాడు.

ఊరేగింపు రోజు ఎల్లారెడ్డి చౌరస్తాలో బండి నిండా జనం. సిద్ధిరాములు స్వయంగా స్టీరింగు పట్టాడు. మిలిటరీ బండి బలం చూపిస్తానని, తారు రోడ్డు మీదే ఫోర్‌వీల్ లివర్ వేశాడు. పది గజాలు పోయాక టైర్లు కీచుమన్నాయి, బండి బిగుసుకుపోయింది. ముందుకు పోదు, లివర్ రాదు. హారన్లు మాత్రం నాలుగూ పనిచేశాయి. అరగంట చూసి జనం ఒక్కొక్కరే దిగి, అటుగా వచ్చిన ఇంకో పార్టీ ఊరేగింపు వెనుక నడుచుకుంటూ వెళ్లిపోయారు. అక్కడ మజ్జిగ పంచుతున్నారట.

ఆ పూట చెరుకు లారీ స్ప్రింగు పట్టీల కోసం జైసింగ్ ఎల్లారెడ్డిలోనే ఉన్నాడు. గుంపును తోసుకుని వచ్చి సిద్ధిరాములును దిగమని, తానెక్కి, రివర్స్ గేరు వేసి బండిని నాలుగడుగులు వెనక్కి నడిపాడు. బిగువు వదిలింది. లివర్‌ను రెండు వేళ్లతో బయటికి తీశాడు. దిగి, తన పట్టీల పని మీద వెళ్లిపోయాడు.

మరునాడు కామారెడ్డి వచ్చినప్పుడు ఇదంతా ఘనీకి చెప్పాడు. ఘనీ పని ఆపి మొత్తం విన్నాడు.

“ఎందుకు తీసినవు?” అన్నాడు చివరికి. “సాయంత్రం దాకా ఉంచకపోయినవా వాణ్ణి?”

“అంబులెన్సు ఆగిపోయి ఉండె ఉస్తాద్, ఎన్క.”

ఘనీ గ్రీజు చేతులు గుడ్డకు తుడుచుకుని, ఇద్దరికీ చాయ్ చెప్పడానికి రోడ్డు దాటాడు.